ఉరుముకు పీకిన ప్లగ్గు

తాండూరు, మంగళవారం రాత్రి

ఈరోజు నా చేతితోనే నా బిడ్డ పని చెడగొట్టాను.

సునీత పొద్దున వికారాబాద్ కాలేజీకి పాఠం చెప్పడానికి పోతూ కంప్యూటర్‌ను నడుస్తుండగానే వదిలిపోయింది. గుడ్డు ఆకారంలో ఉండే ఒక గెలాక్సీలో నక్షత్రాల గుంపులు కోట్ల ఏళ్లలో ఎలా చెదిరిపోతాయో అది వారం నుంచి లెక్క కడుతోంది. ఆ లెక్కను అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఫోటోలతో పోల్చి రేపు సాయంత్రంలోగా పంపాలి. పంపకపోతే ఆమె డాక్టరేటు పోయినట్టే.

మధ్యాహ్నం ఉరిమింది. ఉరిమితే ప్లగ్గులన్నీ పీకడం మా ఇంట్లో మొదటి నుంచీ అలవాటు. టీవీది పీకాను, ఫ్రిజ్‌ది పీకాను, కంప్యూటర్‌దీ పీకాను. దాని బ్యాటరీ పాడైందన్న సంగతి గుర్తు రాలేదు.

సాయంత్రం వచ్చి చూసి, గోడకు ఆనుకుని కూలబడింది.

"ఏమైంది బిడ్డా?"

"గుంపు ఇంకింత చెదిరితే అయిపోతుండె నాయినా. మళ్ల మొదట్నుంచి నడపాలె."

"గా ఆగిన కాడికెంచి నడ్వదా?"

"నడ్వదు. ఉరిమితే నన్ను గూడ పీకి పక్కకు పెడ్తవ్ నువ్వు," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

తర్వాత డాక్టరేటు చేయించే వాళ్ల సారుకు ఫోన్ చేసి "ఇంట్ల కరెంట్ పోయింది సార్" అంది. నా పేరు ఎత్తలేదు. "సరే సార్" అని పెట్టేసి, అన్నం ముట్టకుండా తలుపు వేసుకుంది.

పొద్దున ఆ సారుకు నేనే ఫోన్ చేయాలి. పీకింది నేనని చెప్పాలి. చదువుకున్నవాళ్లతో మాట్లాడాలంటే నాకు భయం. చెప్పినా గడువు ఇస్తాడో లేదో...