పెళ్లిబొంతల తెల్లగుడ్డ

పంజకెంట్, సెప్టెంబరు

ప్రియమైన సనవ్‌బర్ అక్కకు,

నిగినాకి సంబంధం కుదిరింది. నిన్న రెండువైపులవాళ్లం కూర్చుని రొట్టె విరిచాం. తండ్రి లేని పిల్లని ఎవరు చేసుకుంటారని నేను కుళ్లి కుళ్లి ఏడవడం నీకు తెలుసుగా, ఇప్పుడు గుండె మీద బరువు దిగింది. వియ్యపురాలు సలోమత్ మంచిదే కానీ పట్టింపులెక్కువ. కూర్చున్న కాసేపట్లోనే మా పరదాలు, పింగాణీ, నా మడమల పగుళ్లు అన్నీ చూసేసింది.

పెళ్లికూతురి వెంట వచ్చే బొంతల దొంతర చూసే ఇక్కడ ఇంటి పరువు లెక్కగడతారు. నీ కుట్టు ముందు ఎవరి కుట్టూ నిలవదు. బావ పోయాక ఒక్కదానివీ గోడలు చూస్తూ కూర్చుంటున్నావట, లారీ నడిపే సైద్‌మురాద్ చెప్పాడు. గోడలు ఎక్కడికీ పోవులే, సూది పట్టు. పెళ్లి మే నెలలో, మన ఊరి దారిలో కొండ కనుమ మీద మంచు కరిగాక. ఆ రోజు దాని నోట్లో మొదటి రొట్టెముక్క నువ్వే పెట్టాలి.

ఉత్తరం తెచ్చిన సైద్‌మురాద్‌కి కడుపునిండా పెట్టు, లేకపోతే జవాబు తేడు.

నీ ముహబ్బత్

*

అక్టోబరు

ప్రియమైన ముహబ్బత్‌కి,

నిగినాని నా తరఫున ముద్దుపెట్టుకో. బొంతలు సగం అయ్యాయి. లోపలివైపు మంచి తెల్లగుడ్డ వేస్తున్నాను.

ఇంకో మాట. ఎక్కడో విని బాధపడేకంటే నా నోటితో వినడం మేలు. ఊళ్లో విషజ్వరం వచ్చింది. శవాలకు స్నానం చేయించే ముసలామె కూడా దానితోనే పోయింది. ఆ పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు. పక్కవీధి రుఖ్‌సోర కూతురు పోతే, తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఆ పసిది అలాగే పడి ఉంది. రుఖ్‌సోర నా గుమ్మంలో కూలబడి, "అక్కా, కన్నదాన్నే, ముట్టుకోలేకపోతున్నాను, భయమేస్తోంది" అంది.

అమ్మమ్మ నమాజ్ నేర్పుతూ చెప్పేది గుర్తుందా? ఈ పని ఊళ్లో ఒక్కరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరిదీ పాపమే అనేది. వెళ్లాను. నీళ్లు పోస్తుంటే మీ బావ గుర్తొచ్చాడు. యుద్ధంలో ఎక్కడ పడిపోయాడో, ఎవరు మట్టి చేశారో తెలియదు. ఎవరో ఒకరు ఆయనకింత నీళ్లు పోసి ఉంటారన్న ఆశతోనే ఇన్నాళ్లూ ఉన్నాను. ఆ ఎవరో ఒకరు నేనే ఎందుకు కాకూడదు అనిపించింది. అప్పటి నుంచి పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్తున్నాను. ఎందుకు బతికున్నానా అని అల్లాని అడగడం మానేశాను చెల్లీ.

నా చేతి రొట్టె మాత్రం ఇప్పుడు ఎవరూ తినరు. శవాల్ని ముట్టుకున్న చెయ్యి కదా. రుఖ్‌సోరకి ఇస్తే తీసుకుంది, తర్వాత కోళ్లకి వేసింది, గోడ మీంచి చూశాను. కోళ్లు బాగా బలిశాయి.

నీ అక్క సనవ్‌బర్

*

పంజకెంట్, నవంబరు

ప్రియమైన అక్కకు,

పైన ‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

సలోమత్‌కి తెలిసిపోయింది. "మీ అక్క శవాలు కడుగుతుందటగా. ఆ చేత్తో కుట్టిన బొంత మీద నా కొడుకు పడుకోవాలా?" అంది. టీ కూడా ముట్టలేదు. విరిచిన రొట్టె తిప్పి పంపేస్తానంది. అదే జరిగితే మా గుమ్మం ఇంకెవరు తొక్కుతారు? నిగినా తిండి మానేసి గోడకి తిరిగి పడుకుంది.

చచ్చినవాళ్లకి నువ్వు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు. నా బిడ్డకి పెద్దమ్మవి నువ్వొక్కదానివే. ఖురాన్ మీద చెయ్యి వేసి, మానేశానని రాయి. లేదంటే వాళ్లకి ఏం చెప్పుకోమంటావో అదైనా రాయి.

ముహబ్బత్

*

నవంబరు ఆఖరు

ప్రియమైన చెల్లీ,

మానేద్దామనే గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఒక ముసలాయన, భార్య పోయినాయన, వచ్చి బయట మంచులో నిలబడ్డాడు. తలుపు కొట్టలేదు. పిలవలేదు. పిలిచి ఉంటే కాదనేదాన్నేమో. గడియ తీసి ఆయన వెంట వెళ్లాను.

కాబట్టి నేను చచ్చిపోయానని చెప్పు. జ్వరంతో పోయిందంటే ఎవరూ ఆరా తీయరు. వచ్చి ఫాతిహా చదివి, పలావు తిని వెళ్తారు. బతికుండగానే ఫాతిహా, ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం? కోపంతో అనడం లేదే పిచ్చిదానా. నిగినా నవ్వుతూ అత్తారింటికి వెళ్లాలి, నాకు అంతే కావాలి.

శవానికి చుట్టే కఫన్‌కి బజార్లో గుడ్డ దొరకడం లేదు. బొంతలు విప్పి లోపలి తెల్లగుడ్డ వాడేస్తున్నాను. నా కఫన్‌కని పెట్టెలో దాచుకున్నదీ ఇచ్చేశాను. ఎర్ర బొంత ఒక్కటి విప్పను, అది నిగినాది. ఎప్పటికైనా, ఎవరు కుట్టారో చెప్పకుండా, దానికి కప్పు.

మంచు పడి కనుమ మూసేలోపు ఇదే చివరి లారీ. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. చలికి అయ్యుంటుంది.

నీ సనవ్‌బర్

*

మన ఊరు, మే

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. సలోమత్ వచ్చి ఫాతిహా చదివింది, నన్ను పట్టుకుని నిజంగానే ఏడ్చింది. పెళ్లి బాగా జరిగింది. నిగినా కారెక్కుతుండగా సైద్‌మురాద్ వచ్చాడు, కనుమ తెరిచాక దాటిన మొదటి లారీ అదే. నన్ను గేటు పక్కకి పిలిచి, నువ్వు చలికాలంలోనే పోయావని చెప్పాడు. చుట్టూ జనం. నీ కోసం ఏడవాల్సింది అందరి ముందూ ఎప్పుడో ఏడ్చేశానుగా. "లోపలికి రా, పలావు తిని వెళ్లు" అన్నాను. నా నోటితో నేనే అన్నాను అక్కా.

ఇప్పుడు నీ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీకు స్నానం ఎవరు చేయించారని అడగడానికి నోరు రాలేదు. రుఖ్‌సోర తనే చెప్పింది. ఆ రోజు పొద్దంతా నీ గడప ఎవరూ తొక్కలేదట. "కూతుర్ని ముట్టుకోలేకపోయాను. ఈమెని కూడా ముట్టుకోకపోతే ఇంక నేను మనిషినా?" అంది. గుడ్డ లేదు. ఎర్ర బొంత జోలికి పోవద్దని నువ్వు ముందే చెప్పావట. తన తలగుడ్డల్లో తెల్లవి ఏరి, అతికి కుట్టి నీకు చుట్టింది. ఇప్పుడు ఆమె రొట్టే ఎవరూ తినరు. నా ముందు ఒకటి పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంది. విరిచి తిన్నాను. మొత్తం తిన్నాను.

ఇంతలో వీధి చివర ఒక అవ్వ పోయిందని కబురొచ్చింది. రుఖ్‌సోర నీ రాగి చెంబు తీసుకుని లేచింది. గుడ్డ ఉందా అని అడిగాను, లేదంది. ఎర్ర బొంత కుట్లు నేనే విప్పాను. ఎంత దగ్గర దగ్గరగా కుట్టావు అక్కా, వేళ్లు మంటపుట్టాయి. ఆ అవ్వకి నీళ్లు కూడా నేనే పోశాను.

రేపటి లారీలో వెళ్తున్నాను. నువ్వు ఎప్పుడు పోయావో, నేనేం చెప్పానో, ఇక్కడేం చేశానో అన్నీ అక్కడ చెప్పేస్తాను. సలోమత్ ఏమంటుందో నాకు తెలుసు. ఇక పంజకెంట్‌లో నా చేతి రొట్టె ఎవరూ తినరు. నిగినా తింటుందేమో అడిగి చూస్తాను.

నీ ముహబ్బత్