కాన్వెంట్‌లో సీటు

మార్చి 1, ఆదివారం
ఈ పరాయి దేశంలో మనవాళ్ళ అడ్డా, కేరమ్ డౌన్స్ గుడి క్యాంటీన్. నోట్లో పులిహోర ఉండగా పరువు పోయింది.
"ఏమ్మా, పీహెచ్‌డీ దేనిమీద?"
"మధ్యయుగాల కాన్వెంట్లలో ఆడవాళ్ళ చదువు, అంకుల్."
మూర్తి అంకుల్ — నాన్న క్లాస్‌మేటు, మా తెలుగు సంఘం అధ్యక్షుడు — టేబుల్ మొత్తానికీ వినపడేలా: "కాన్వెంటా! మావాడు ఐదో క్లాసుకే పూర్తిచేసేశాడే!"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, విషం కలిపి.

మార్చి 2
గుంటూరు నుంచి నాన్న ఫోన్. "ఎల్కేజీ మీద రీసెర్చా తల్లీ? మూర్తి చెప్పాడు..." సన్యాసినుల మఠాలు నాన్నా, ఎనిమిది వందల ఏళ్ళ కిందటివి అన్నాను. "అదేలే. వాడు డేటా అనలిటిక్స్ మంచిదంటున్నాడు."
పీహెచ్‌డీ సీటిచ్చిన యూనివర్సిటీకి పదమూడో తేదీలోగా జవాబివ్వాలి. నాన్న కాదంటే చేరలేను. నా ధైర్యమంతా జోకుల్లోనే.
ప్రతీకారం తీర్చుకోబడును.

మార్చి 4
దేవుడున్నాడు! మహిళా దినోత్సవం కరపత్రం వాట్సాప్‌లో వచ్చింది. అంకులే స్వయంగా రాశారు: "కాన్వెంట్ అడ్మిషన్లు — తల్లిదండ్రులకు సూచనలు". వక్త: నేను.
తప్పని చెప్పాలా?
...చెప్పను.

మార్చి 8
హాలు నిండా తల్లిదండ్రులు, పెన్నులూ నోటుబుక్కులతో. ముందువరుసలో అంకుల్, ఆయన ఫోన్‌లో నాన్న, వీడియో కాల్.
పరమ గంభీరంగా మొదలుపెట్టాను. "ప్రవేశానికి వయసు ఏడేళ్ళు. జుట్టు తీసేస్తారు. లాటిన్‌లో నూట యాభై కీర్తనలు కంఠతా రావాలి. భోజనాల దగ్గర మాట్లాడకూడదు, సైగలే. సెలవుల్లేవు. పిల్ల మళ్ళీ ఇంటికి రాదు."
వెనకనుంచి ఒకావిడ: "యూనిఫామ్ ఏ రంగమ్మా?"
"నలుపండీ. మొదటి సీటు అధ్యక్షులవారి మనవరాలికి."
అంకుల్ లేచారు. "ఏ స్కూలిది?"
"మీ కరపత్రంలోదే, అంకుల్."
హాలంతా ఒకటే నవ్వు. ఆయన కాల్ కట్ చేశారు. నాన్న మొహం ఎలా ఉందో నాకు కనపడలేదు.
అసలు సంగతి — ఆ ఆడవాళ్ళు చదివారు, పుస్తకాలకి ప్రతులు రాశారు, కొందరు సొంతంగానూ రాశారు — చివరి రెండు నిమిషాల్లో చెప్పాను. విన్నది సుజాత ఆంటీ ఒక్కరే. అంకుల్ భార్య. గిన్నెలు సర్దుతూ, మెల్లగా: "పెళ్ళయినవాళ్ళని తీసుకునేవాళ్ళా?"
"భర్త ఒప్పుకుంటే, ఆంటీ."
"ఛ. అక్కడా అంతేనా!"

మార్చి 10
లైబ్రరీలో గురువారాలు లాటిన్ క్లాసట. ఆంటీ చేరిపోయారు. ఆయనకి చెప్పలేదట. ఇంత తీపి పగ నేను ప్లాన్ చెయ్యలేదు.

మార్చి 12
లాటిన్ క్లాసు సంగతి అంకుల్‌కి తెలిసిపోయింది. నాన్న ఫోన్. "చదువు నీ ఇష్టం తల్లీ, నేనడ్డుపడను. కానీ ముందు మూర్తికి సారీ చెప్పు. నలభై ఏళ్ళ స్నేహం."
అయిదు నిమిషాలకి ఆంటీ మెసేజ్: "ఆయనకి సారీ చెప్పావో, నీతో మాట్లాడను."
రేపు అయిదింటికి యూనివర్సిటీ గడువు. "అంకుల్, సా" దాకా టైప్ చేశాను. కొట్టేశాను. మళ్ళీ "సా"...