రమణ జేబులో గని బిళ్ల

1983 మే, మంగళవారం. సెక్టర్ 6.

మనవడు రమణ వచ్చి వారమైంది. బంగారు గని అడుగున యంత్రం పెట్టి, ఏదో కణం కోసం కాపలా కాయడమే వాడి పీహెచ్‌డీ.

"ఏట్రా, నీ కణం ఇంకా పరదా తియ్యలేదా?" అని ఏడిపించాను.

నవ్వుతూ రుమాలు తీస్తే జేబులోంచి ఇత్తడి బిళ్ల పడింది. గనిలోకి దిగినవాడు పైకొచ్చాక గేటులో తిరిగి ఇవ్వాల్సిన బిళ్ల అది.

"లోపల ఒత్తిడికి గోడ రాయి పేలితే అందరం పరిగెట్టుకొచ్చీసినాం తాతా. ఇవ్వడం మర్చిపోనాను."

"అంటే వాళ్ల లెక్కలో నువ్వింకా లోపలే ఉన్నావు. ఎవలూ అడగలేదేటి?"

"లేదు. ఛోడో తాతా! యంత్రం ఆగకూడదంట, గైడు సారు రమ్మన్నారు. ఎల్లుండి బయల్దేరతాను."

వాడు నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టడం లేదు. వారం నుంచి బిళ్ల వెనక్కి రాకపోయినా, మనిషి లోపల చిక్కుకున్నాడేమోనని ఒక్కడూ వెతకలేదు. రేపు నిజంగానే చిక్కుకుంటే...