నీలం చొక్కా బొత్తాలు

బెంగళూరు, 6-3-2006

అమ్మకు నాజియా సలాం. వేళకు తింటున్నాను, దిగులు పడొద్దు. తమ్ముడూ నౌషాద్, ఇది అమ్మకు నిదానంగా చదివి వినిపించు. ఫోనులో అయితే ఇదంతా చెప్పలేను.

కొత్త ఫోను ఆటలు ఆడేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లెక్కడ తడబడతారో రాసుకోవడమే ఇక్కడ నా పని. అడిగినా చెప్పకూడదు. మొన్న మా ఆఫీసు వాచ్‌మన్ రంగయ్యను కూర్చోబెట్టాను. ఆయనది హిందూపురం. ఆట మధ్యలో ఎక్కడ నొక్కాలో తెలియక ఆయన వేలు ఆగిపోయింది. "చూస్తా కూచుంటావే గానీ చెప్పవేమ్మా" అన్నాడు. నేను చెప్పలేదు. బయటికి పోయి ఏడ్చాను.

బక్రీదు పొద్దున, పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయిన నాయన ఒంటిచేత్తో నీలం చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అవస్థపడుతుంటే, నేను పని అలవాటుకొద్దీ చూస్తూ నిలబడ్డాను. ఆయన అడగలేదు. పైబొత్తాలు పెట్టుకోకుండానే నమాజుకు పోయాడు.

అవ్వ మోకాళ్లకు నూనె రాస్తున్నావా? ఇంటిముందు బోరింగు బాగుచేశారా? నౌషాద్, పరీక్షల ముందు క్రికెట్టు మానుకో. అవ్వకు నా సలాం చెప్పండి.

నాయన నలభయ్యో దినానికి ముందురోజే పెనుకొండకు వస్తాను. ఆయన బట్టలు పేదలకు పంచేటప్పుడు ఆ నీలం చొక్కా మాత్రం ఆపమ్మా. నేను వచ్చి, బొత్తాలన్నీ పెట్టి, మడిచి, నా చేత్తో ఇస్తాను.

నీ నాజియా