జబ్బార్ సేఠ్ గ్లాసులో ఈగ

అక్కకు, నీ తమ్ముడు నర్సయ్య దండం పెట్టి రాసేది ఏమంటే, నేను బాగున్నాను. నువ్వు, పిల్లలు, నీ మోకాళ్ళు అందరూ బాగుండాలి. బావ కూడా బాగుండాలి, తప్పదు కదా. ఫోన్ చేస్తే ఆయన స్పీకర్ పెట్టి వాడకట్టంతా వినిపిస్తాడు. అందుకే ఊరికి వస్తున్న రాజన్న చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

కూలీలుండే మెసైమీర్ క్యాంపు విడిచిపెట్టాను. నడుము పట్టేసి ఇటుకలు మోయలేకపోతుంటే, మా కంపెనీ యజమాని అరబ్బీ నన్ను సముద్రం ఒడ్డున అల్ వక్రాలో తనకున్న చేపల గాలాల దుకాణానికి పంపాడు. పనికొస్తే ఇక్కడే, లేకపోతే మళ్ళీ సైటుకే. ఎండలు కొంచెం తగ్గాయి. పప్పు నేనే వండుకుంటున్నాను, నువ్వు దిగులుపడకు. సాయంత్రం అయితే మాత్రం మీరంతా యాదికొస్తారు. ఎవరినో ఒకరిని ఆటపట్టించేదాకా మనసు కుదురుకోదు.

దుకాణం నడిపేది మన నిర్మల్ దిక్కు మనిషి జబ్బార్ సేఠ్. మొన్న ఒక తెల్లదొర వచ్చి ఈక గాలం చూపించమన్నాడు. ఈకలతో, దారంతో అచ్చం ఈగలాగా కడతారు. అది నీళ్ళమీద తేలాలి, పైపైన మేసే చేప నిజం ఈగ అనుకొని మింగాలి. తేలడానికి దానికి మైనం రాస్తారు. మన చెరువులో ఎర్ర గుచ్చి గాలం ముంచడం తప్ప నాకేం తెలుసు? చలికాలం గడ్డకట్టిన కొబ్బరినూనె అరచేతుల్లో కరిగించి అమ్మ నీ తలకు పట్టించేది చూడు, అట్లా మైనం దిట్టంగా పట్టించాను. నీళ్ళ తొట్టిలో వేస్తే ఇటుకలా మునిగింది. తీసి, ఆ తడిదానికే ఇంకింత పూశాను. మళ్ళీ మునిగింది. దొర నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మా అక్క తలకు నూనె పట్టించినట్టే పట్టించాను కదా అని సేఠ్‌తో అన్నాను.

"నర్సయ్యా, గది ఈగ, మీ అక్క నెత్తి గాదు," అన్నాడు సేఠ్. "తడిమీద పూస్తే నీళ్లు లోపట్నే ఉంటయ్. మంచిగ ఆరినాంక, జరంత మైనం వేళ్ల నడుమ కరగదీసి పల్చగ పుయ్యాలె. నీతోని గాదుగని సైటుకే పో. అరబ్బీకి చెప్త."

"జర ఆగు సేఠ్."

"ఆగితే? దుకానం గూడ ముంచుతవా?"

ఆ మాట నా నడుములో గుచ్చుకుంది అక్కా. పాడైన గాలాలు ఏరుకొని గదిలో బకెట్టు ముందు కూర్చున్నాను. ఆరబెట్టడం, పూయడం, ముంచడం, ఇదే పని. చివరికి ఒకటి తేలింది. దాని ముల్లు కత్తిరించి, పొద్దున సేఠ్ తాగే మంచినీళ్ళ గ్లాసులో వదిలాను.

"థూ, ఈగ," అని సేఠ్ చెంచాతో తీయబోయి ఆగాడు. చెంచాతో ముంచాడు, పైకి వచ్చింది. అదిమి ముంచాడు, మళ్ళీ వచ్చింది. నా దిక్కు చూశాడు.

"ఎంత పూసినవ్?"

"గోటి మీద పట్టేంత."

"ఆరినాంకనేనా?"

"ఆరినాంకనే."

ఈగను తీసి పక్కన పెట్టి, గ్లాసు నా ముందుకు నెట్టాడు. ఇక సామాను సర్దుకోవడమే అనుకున్నాను.

"గ్లాసు నువ్వే కడుగు. శుక్రవారం ఆ గోరాసాబ్ మళ్ల వస్తడు, నువ్వే చూపియ్యి. సైటు మాఫీ. ఇంకోపారి నా గ్లాసు ముట్టినవంటే సముద్రంల పడేస్త."

"మైనం పూసి పడెయ్ సేఠ్, తేల్త," అన్నాను. ఆపుకోలేక నవ్వేశాడు.

రాజన్న తిరిగి వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు పంపు. బావను రుచి చూడనివ్వకు, సీసా ఖాళీ అవుతుంది. పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఉంటే నడుము కూడా తొందరగానే బాగవుతుంది.

ఇట్లు,
నీ తమ్ముడు,
గాలాల దుకాణం నర్సయ్య