ఎం అంటే మహిళ

మన్నళ్ళి,
4 ఫిబ్రవరి 2025

ఉరుకుడు సమితి కార్యదర్శి శంకరప్ప సారుకు, మన్నళ్ళి జగదేవి శనార్థులు.

మీ కాగితం మీదున్న నంబరుకు పద్నాలుగు సార్లు ఫోన్ చేసిన. ఎవ్వరు ఎత్తలే. అందుకే ఉత్తరం.

మొన్న ఐతారం బీదర్‌ల మీరు పెట్టిన పది కిలోమీటర్ల ఉరుకుడుల నేను ఉరికిన. నా నంబరు 417. స్టేడియం కాడ మొదలువెట్టి, చౌబారా బురుజు చుట్టు తిరిగి, కోట దర్వాజ దాక పోయి మళ్ళ స్టేడియంకు వచ్చిన. యాడ కూసోలే, యాడ నడ్వలే. గీత దాటి నీళ్ళు తాగుతాంటె మైకుల మీరేమన్నరు? "నలభై ఐదు దాటిన ఆడోళ్ళల్ల పూర్తి చేసినోళ్ళు ఒక్కరు లేరు, ఆ బహుమతి ఈ యేడు ఇస్తలేము" అన్నరు. మరి మైకు పక్కన నిలవడ్డ నేనెవర్ని సారు?

నాకు నలభై ఎనిమిది. మా ఊరి బడిల నూట ఎనభై మంది పిల్లలకు వండిపెడత. షుగర్ వచ్చింది, నడువుమని డాక్టర్ చెప్పిండు. నడిస్తె వంటకు ఆలస్యమైతాందని ఉరుకుడు పట్టిన. ఏడాది సంది ఒక్క పొద్దు తప్పలే. ఇప్పుడు ఊళ్ళె ఏమంటున్నరో ఎరుకేనా? జగదేవి స్టేడియం గేటు కాడ కూసోని మిర్చి భజ్జీలు తిని వచ్చిందంట!

నా పేరు అదే మైకుల చెప్పాలె.

ఇట్లు,
కోపంగున్న జగదేవి

ఇంకొక మాట: భజ్జీలు తిన్నది నిజమే. ఉరికినంక తిన్న.


బీదర్,
11 ఫిబ్రవరి 2025

గౌరవనీయులైన శ్రీ జగదేవప్ప గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. రిజిస్టరు పరిశీలించితిమి. నంబరు 417, పురుషుల విభాగం, సమయం ఒక గంట మూడు నిమిషాలు, స్థానం అరవై ఒకటి. మా గుమాస్తా పొరపాటున మీ పేరు చివర 'దేవి' అని రాసినాడు. దానిని 'దేవప్ప' అని సరిచేసినాము. అసౌకర్యానికి చింతిస్తున్నాము.

అయితే పురుషులలో అరవై ఒకటో స్థానంలో వచ్చిన పెద్దమనిషి స్త్రీల బహుమతి అడుగుట శోభించదు. వచ్చే ఏడు ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించగలరు.

భవదీయుడు,
శంకరప్ప, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, కార్యదర్శి

తా.క.: పరుగు ఫోటోలో మీరు చీరలో కనిపిస్తున్నారు. విచిత్ర వేషధారణ మూడు కిలోమీటర్ల పరుగుకు మాత్రమే అనుమతి.


మన్నళ్ళి,
14 ఫిబ్రవరి 2025

శంకరప్పకు జగదేవి రాసేది.

ఈసారి శనార్థులు లేవు.

నేను ఆడదాన్ని. ముగ్గురు పిల్లల్ని కన్న. మీ ఉత్తరం బడిల వంటోళ్ళకు సదివి వినిపించిన. నవ్వి నవ్వి హనుమవ్వ చేతిల గంటె సాంబార్ల పడ్డది. ఆ నవ్వు మీ మీదనో నా మీదనో ఇంకా తెలుస్తలేదు. గిదంత నాకు తమాషనా?

మీ ఫారంల ఎం, ఎఫ్ అని రెండు డబ్బాలున్నయి. ఎం అంటె మహిళ అని టిక్కు పెట్టిన. కన్నడంల మహిళనే, తెలుగుల మహిళనే. ఎఫ్ అంటె ఫారినోళ్ళకేమో అనుకున్న. బీదర్ కోట చూడ వస్తరు గద, అట్లనే ఉరుకుతరేమో అని. అయినా టిక్కు తప్పైతె, పేరు కనవడలేదా? కట్టు కనవడలేదా?

జగదేవి (దేవి! దేవి!)

ఇంకొక మాట: చీర వేషం కాదు. కాళ్ళ నడుమ నుంచి కాసె పోసి కట్టిన. మీ అరవై ఒకటో స్థానం ఎనుక ఉన్న మగోళ్ళు ఏం కట్టుకోని ఉరికిన్రో వాళ్ళను అడుగుర్రి.


బీదర్,
20 ఫిబ్రవరి 2025

శ్రీమతి (అని చెప్పుకొనుచున్న) జగదేవి గారికి,

ఎం అనగా మేల్, అనగా పురుషుడు. తప్పు వివరం ఇచ్చినవారు అనర్హులు అని మా తొమ్మిదో నిబంధన. కాబట్టి మీ అరవై ఒకటో స్థానం కూడా రద్దు చేయడమైనది.

ఇంకొక సందేహం. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆటలు నేర్పినాను. నలభై ఎనిమిదేళ్ళ ఇల్లాలు గంటా మూడు నిమిషాలలో పది కిలోమీటర్లు పరుగెత్తడం ఎన్నడూ చూడలేదు. నడుమ ఆటో ఎక్కి ఉంటే ఇప్పుడైనా ఒప్పుకొనుట మంచిది. లేదా మీరు మహిళ అనియు, పరుగెత్తగలరనియు ఇద్దరు పెద్దమనుషులతో సంతకం చేయించి ధ్రువపత్రం పంపగలరు.

భవదీయుడు,
శంకరప్ప

తా.క.: ఆ పెద్దమనుషులు పురుషులైతే మంచిది.


మన్నళ్ళి,
24 ఫిబ్రవరి 2025

శంకరప్పా,

ఆటోనా? నా కాలి వేళ్ళ గోర్లు రెండు ఊడినయి. పంపాల్నా, కవర్ల పెట్టి?

చౌబారా కాడ మీ సమితి అంగీ ఏసుకున్న ఒకాయన ఈల ఊది, "ఏయ్ అమ్మా, పక్కకు జరుగు, పరుగు వస్తాంది" అన్నడు. ఆ వచ్చే పరుగు నేనే! వట్టి పుణ్యానికి జరిగి, మట్టిల దిగి, మళ్ళ రోడ్డెక్కిన. పక్కటెముకల కింద నొప్పి పొడుస్తాంటె, పొద్దున లేసి ఉరికినప్పుడు నన్ను చూసి నవ్వినోళ్ళందరి పేర్లు తలుసుకుంట ఉరికిన. పేర్లు అయిపోలే గని ఉరుకుడు అయిపోయింది.

చూడలేదంటవు. చూస్తె గద! గీత కాడ కెమెరా పెట్టిన్రు. దానిముందు కూసోని మొదటి నుంచి ఆఖరి దాక ఒక్కొక్క మొకం చూడు. తొందరపడకు. చూసినంక నేను ఆటోల వచ్చిన్నని రాయి, మీ బీదర్‌కు వచ్చి నీ ముందే మళ్ళ పది కిలోమీటర్లు ఉరుకుత. నువ్వు సైకిల్ మీద ఎంబడి రా.

ఇట్లు,
జగదేవి, మహిళ

ఇంకొక మాట: అడిగిన ధ్రువపత్రం పంపుతున్న. జిరాక్స్ దుకాణంల టైపు చేయించి, మా వంట ఆడోళ్ళం నలుగురం సంతకాలు పెట్టినం. "జగదేవి మహిళ" అనే రాసున్నది. కింద డబ్బాల ఆ టైపాయన గూడ ఎం అనే కొట్టిండు. నేను చెప్పలే. ఆయనకు ఆయనే కొట్టిండు.


బీదర్,
3 మార్చి 2025

జగదేవమ్మకు శంకరప్ప చేతులు జోడించి రాసుకునేది.

ఆఫీసు తెలుగు ఇయ్యాల నాతోని అయితలేదు, ఏమనుకోకుర్రి.

నిన్న ఐతారం పొద్దుగాల కూసోని వీడియో మొత్తం చూసిన. మీరు చెప్పినట్టు ఒక్కొక్క మొకం. మీరు కనవడ్డరు. నడుము వంగలే, అడుగు తప్పలే. గంటా మూడు నిమిషాలు నికరం.

గని మీకు రెండు నిమిషాల ముందు ఇంకొకామె ఉన్నది. నెత్తిన టోపీ, మొకానికి దస్తీ, నంబరు 388. ఆమెది గూడ ఎం డబ్బానే. గీత దాటంగనే దస్తీ విప్పి మొకం తుడుసుకున్నది. వీడియో ఆపిన. ఎనుకకు తిప్పి మళ్ళ చూసిన. ఆమె నా పెండ్లాం బసమ్మ. పుట్టింటి పేరు మీద రాయించుకున్నదట.

ఆమె మెడల మెడల్ ఏసింది నేనే, జగదేవమ్మా. మూరెడు దూరంల నిలవడి ఏసిన. "జల్ది నడువమ్మా, ఎనుక మగోళ్ళు వస్తున్నరు" అంటున్న. వీడియోల నా గొంతు సాఫ్‌గ వినవడుతాంది. మొకం దిక్కు చూడలే.

వంటింట్లకు పోయి అడిగిన. "రెండేండ్ల సంది ఉరుకుతున్న. నీకు చెప్పిన. ఒక్కసారి నవ్వి పేపరు సదువుకున్నవు" అన్నది. ఎవ్వరు లేరని నేను మైకుల అన్నప్పుడు గూడ అక్కడనే ఉన్నదట. నోరు మూసుకోని ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టింది. మీ ఉత్తరాలన్ని బల్ల మీద నుంచి తీసి సదివిందట. "అండ్ల ఉన్న కోపం సగమే. మిగిలిన సగం ఈడున్నది" అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకోని చూపించింది. ముప్పై నాలుగేండ్ల కాపురంల ఆమె గొంతు అంత పెద్దగున్నదని నాకెరుక లేదు.

మొదటి స్థానం బసమ్మది, రెండోది మీది. వచ్చే ఐతారం స్టేడియంల మైకు పెడుతున్న. ఇద్దరి పేర్లు చెప్పి, అందరి ముందట మాఫీ అడుగుత. గని బసమ్మ నా చేతుల నుంచి బహుమతి తీసుకోనంటున్నది. మీ చేతుల మీద ఇస్తెనే తీసుకుంటదట. జర రార్రి.

ఇట్లు,
శంకరప్ప

తా.క.: ఆమె నాతోని మాట్లాడుతలేదు. ఏమన్న చెప్పేదుంటె ఉత్తరం రాయుమన్నది. ఇది అయినంక వంటింటికి ఒకటి రాయాలె. మొదలు ఎట్ల పెట్టాల్నో మీకేమన్న తెలుస్తె చెప్పుర్రి.