మా బడికి ఆఫియా వద్దు

రబాత్
అక్టోబరు, మొదటి సోమవారం

గౌరవనీయులైన హాజీ మీమూన్ గారికి,

అరీజ్ సలాములతో రాసుకునే సంగతులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను.

నన్ను మీరెరగరు. మాది జోర్డాన్‌లో ఇర్బిద్. మీ మొరాకోకి వచ్చి రెండు నెలలే అయింది. 'నిండు పళ్ళెం' అనే సేవాసంస్థలో బడిపిల్లల భోజనాల పని చూస్తాను. ఆఫీసులో ఉన్నది ఇద్దరమే: నేనూ, మా డైరెక్టరు మున్‌జిర్ గారూ. ఆయనది సిరియా. మీ ఐత్ వాగూన్ బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనం పెట్టించమని, తల్లిదండ్రుల సంఘం పెద్దగా మీరు ఏళ్ళ తరబడి పంపిన అర్జీలన్నీ చదివాను. మొత్తానికి మీ పంతం నెగ్గింది. ఈ ఏడు మీ బడికే ఇస్తున్నాం.

పప్పు, గోధుమపిండి, ఆలివ్ నూనె, పాలపొడి, ఖర్జూరాలు, అన్నీ ఉచితం. కడుపు మాడుతున్న పిల్లకి పాఠం చెవికెక్కదు. అదే పిల్లకి వేళకి ఇంత తిండి పెడితే ఒళ్ళూ నిలబడుతుంది, చదువూ నిలబడుతుంది. మా ఆశ ఒక్కటే. మీ బడిలో ప్రతి బిడ్డకీ ఆరోగ్యం, బలం, ఆఫియా! మీ బడితో మొదలుపెట్టి, వసంతానికల్లా లోయలో ఉన్న బడులన్నిటికీ ఆఫియా చేరుస్తాం.

ఒక్కటే షరతు. వంటగది మాత్రం ఊరివాళ్ళే కట్టుకోవాలి. మంచు పడి కనుమ మూసుకుపోయేలోగా గది లేవకపోతే సరుకు వేరే లోయకి వెళ్ళిపోతుంది.

దేవుడు మీ ఊరంతటికీ ఆఫియా ఇచ్చుగాక.

ఇట్లు,
అరీజ్

తా.క. సరుకుతోపాటు పెద్ద బర్రాద్ కూడా పంపిస్తున్నాం. నలుగురు పట్టుకుంటేగానీ లేవదు. పిల్లలు ఏం ఇష్టంగా తింటారో కూడా రాయండి.


ఐత్ వాగూన్
మంగళవారం, సంత రోజు

లల్లా అరీజ్ గారికి,

మీమూన్ అనేక సలాములతో రాయునది. నేనూ, మా ఆవిడ ఇత్తో, మా గాడిదా కులాసా. మీ ఉత్తరం చదివేవరకూ ఊరు కూడా కులాసాగానే ఉండింది.

మా ఊరి పద్ధతి ఒకటుంది. ఊరికి వచ్చిన ఉత్తరం మసీదు వాకిట్లో అందరికీ చదివి వినిపించాలి. ఊరి తరఫున రాసే ఉత్తరం అందరూ చూస్తుండగా రాయాలి. మాది తమజిగ్త్ భాష. అరబ్బీ అంటారా, సంతలో గొర్రెలు అమ్ముకుంటూ నేర్చుకున్నదే. అయినా మీరు రాసింది అర్థం కాకపోలేదు. ఆరోగ్యం ఇస్తామన్నారు, సంతోషం. బలం ఇస్తామన్నారు, మరీ సంతోషం. ఆ వెంటనే ఆఫియా కూడా ఇస్తామన్నారు. అన్నం పెట్టే చేత్తో అదేం పని తల్లీ? మా బడితో మొదలుపెట్టి లోయలో బడులన్నిటికీనట! 

మాకు ఆఫియా తెలియక కాదు. పోయిన వేసవిలో మా అన్న గడ్డివాముకి ఆఫియా అంటుకుంది. ఊరంతా నీళ్ళ బిందెలతో పరిగెత్తాం. ఒక్క పరక మిగల్లేదు. ఇక బడికి కూడానా?

లల్లా, బతిమాలుతున్నాను. మా ఊళ్ళో ఎగువ వాడకీ దిగువ వాడకీ తాతల నాటి నీటి వంతు తగువుంది. ఎవరి వాడలో కట్టినా రెండోవాళ్ళు పిల్లల్ని పంపరని, బడిని రెండిటికీ దూరంగా ఏటి ఒడ్డున కట్టారు. మధ్యాహ్నం ఒక్క పిల్లా ఇంటికెళ్ళి తిని రాలేదు. మా అబ్బాయి అస్సూ, 'రొట్టె పెట్టని బడికంటే మేకల మంద నయం. మంచు పడితే తూదాని మాన్పించేస్తా' అంటున్నాడు. తూదా నా మనవరాలు. బంగారంలాంటి పిల్ల. తిండి పంపండి, ఆఫియా మాత్రం వద్దు.

ఇట్లు,
మీమూన్

తా.క. బర్రాద్ ప్రతి ఇంట్లోనూ ఉంది. ఇత్తో దగ్గరే మూడున్నాయి. పుదీనా వేసి పొయ్యి మీద పెడితే వాసన ఏటి దాకా వస్తుంది. నలుగురు మోసే బర్రాద్‌తో ఎవరికి టీ పొయ్యాలమ్మా? ఇక పిల్లలకి ప్రాణం హూత్. చిన్నవైతే తలతో సహా నమిలేస్తారు.

మరో తా.క. మా మాస్టారు జవాద్ ఏదో చెప్పబోతున్నాడు. మెక్నేస్ కుర్రాడు, మాటలెక్కువ. తర్వాత వింటాలే అన్నాను.


రబాత్
అక్టోబరు మూడో వారం

హాజీ మీమూన్ గారికి,

సలాములు. మీ ఉత్తరం మున్‌జిర్ గారూ నేనూ చెరో మూడుసార్లు చదివాం. ఆఫియా వద్దనే ఊరిని ఆయన తన సర్వీసులో చూడలేదట. మీ అన్నగారి గడ్డివాముకి ఆఫియా వచ్చి ఒక్క పరక మిగల్లేదన్నారు. అంటే పశువులు అంత ఇష్టంగా తిన్నాయన్నమాట, మంచిదే. పశువులకి వచ్చిన ఆఫియా పిల్లలకి వస్తే మీకొచ్చిన కష్టమేమిటి?

పెద్దవారు, కఠినంగా రాయలేను. కానీ మా సంస్థ పుట్టిందే ఆఫియా కోసం. అది లేనిదే పప్పుగింజ కూడా రాదు. వంటగది సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. కనుమ మీద అప్పుడే మబ్బులు దిగుతున్నాయట. తూదా గురించి చదివాక నాకు రాత్రి ముద్ద దిగలేదు. మీ చేతుల్లో పనిని మీరే చెడగొట్టుకోకండి.

ఇట్లు,
అరీజ్

తా.క. దేవుడిమీద ఆన, బర్రాద్‌ని పొయ్యి మీద పెట్టకండి!

మరో తా.క. హూత్ అంటే సముద్రంలో యూనుస్ ప్రవక్తని మింగినదే కదా? దాన్ని తలతో సహా నమిలే పిల్లలకి మా భోజనం దేనికి?


ఐత్ వాగూన్
నవంబరు మొదటి మంగళవారం

అరీజ్ గారికి,

మీమూన్ రాయునది. గాడిద కులాసా. మిగతావాళ్ళ సంగతి చెప్పలేను.

'ఆఫియా లేనిదే పప్పుగింజ కూడా రాదు' అని మీరు రాసింది చదవగానే వాకిలంతా భగ్గుమంది. 'మన పిల్లల జోలికొస్తారా, చూద్దాం!' అని ఎగువ వాడ హమ్మూ కర్ర అందుకున్నాడు. 'నువ్వొక్కడివే మగాడివా?' అని దిగువ వాడ వాళ్ళూ లేచారు. పెళ్ళికీ చావుకీ మాట్లాడుకోనివాళ్ళు ఇప్పుడు వంతులు వేసుకుని మరీ బడికి కాపలా కాస్తున్నారు. అంతేకాదు, మీ ఆఫియా వస్తే పిల్లలు లోపలికి దూరడానికి బడి పక్కన రాతిగది లేపుతున్నారు. గోడలు భుజం ఎత్తుకి వచ్చాయి.

ఇంకో సంగతి. కాపలాకి మా అస్సూ కూడా వెళ్ళాడు. మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లలు బయటికొచ్చారట. ఉన్నవాళ్ళు ఎండురొట్టె ముక్క నీళ్ళలో ముంచుకుని తిన్నారట. తూదా చేతిలో అదీ లేదు. పొద్దున్నే దార్లోనే తినేసింది పాపం. ఏటి దగ్గర కూచుని దోసిళ్ళతో నీళ్ళు తాగి, తండ్రిని చూసి 'నేను తిన్నాను నాన్నా' అందట. తర్వాత గోడకానుకుని నిద్రపోయింది. మాస్టారు లేపలేదట. అస్సూ ఆ రాత్రి నా ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూచున్నాడు. వాడు ఏడవడం నేను వాడి చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడు చూశాను. నా కొడుకు ఏడుస్తుంటే నాకు సంతోషమేసిందంటే మీరు నమ్మరు.

వాడిప్పుడు అందరికంటే పెద్ద రాళ్ళు మోస్తున్నాడు. కాబట్టి మీ ఆఫియా ఎలా వస్తుందో మేమూ చూస్తాం.

ఇట్లు,
మీమూన్

తా.క. యూనుస్ ప్రవక్తని మింగినదాని సంగతి దేవుడికెరుక. మా సంతలో దొరికే హూత్ జానెడుంటుంది. ప్రవక్త మాట అలా ఉంచండి, దాని నోట్లో తూదా చిటికెన వేలు కూడా పట్టదు.


రబాత్
నవంబరు రెండో వారం

హాజీ గారికి,

మీ బెదిరింపు ఉత్తరం మున్‌జిర్ గారు చూశారు. 'అన్నం పెడతామంటే కర్రలెత్తుతారా? ఆ ఊరి పేరు కొట్టెయ్' అన్నారు. ఏటి దగ్గర తూదా సంగతి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కానీ కలం కింద పెట్టలేదు.

గది లేస్తోందన్నారు కాబట్టి చివరికి ఒక్క అవకాశం ఇచ్చారు. కనుమ మూసుకునేలోగా వెళ్ళేది ఒకే ఒక్క లారీ. మీరు పాత కథలూ, గడ్డివాములూ ఏమీ రాయొద్దు. ఊరందరి తరఫున ఒక్క మాట చెప్పండి. ఆఫియా కావాలా, వద్దా? సరే అంటే లారీ మీ ఊరికి ఎక్కుతుంది. వద్దంటే కనుమ కిందే మలుపు తిరిగి అవతలి లోయకి పోతుంది. ఆపైన వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడే.

నా చేతిలో ఇంతకంటే ఏమీ లేదు.

అరీజ్


ఐత్ వాగూన్
మంగళవారం

లల్లా అరీజ్ గారికి,

ఒక్క మాటలో చెప్పమన్నారు. రెండు వాడల వాళ్ళూ నా భుజాల మీదుగా తొంగిచూస్తుండగా రాస్తున్నాను. హమ్మూ గడ్డం నా చెవిలో గుచ్చుకుంటోంది.

మా ఊరి మాట ఇది: మాషీ ఆఫియా.

మీమూన్

తా.క. లేదు. తా.క. రాయనివ్వడం లేదు.


రబాత్
నవంబరు మూడో వారం

ప్రియమైన హాజీ మీమూన్ గారికి,

మీ 'మాషీ' చూసి ఆఫీసులో చిన్నపిల్లలా గంతేశాను! 'చూశారా, సరే అన్నారు!' అని కాగితం మున్‌జిర్ గారి ముక్కు ముందు ఆడించాను. ఆయన కూడా నవ్వారు. శుక్రవారం పొద్దున లారీ బయల్దేరుతుంది. శనివారానికి మీ ఊళ్ళో ఉంటుంది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నిన్న బజారుకి వెళితే మీ 'హూత్' అంటే మామూలు చేప అని తెలిసింది. మా వైపు ఆ మాటకి తిమింగలమే. పిల్లల కోసం ఆరు పెట్టెల సార్డీను డబ్బాలు వేశాను. మనమధ్య ఇంకెన్ని మాటలు ఇలా అటూ ఇటూ అయ్యాయో! దేవుడి దయవల్ల ఆఫియా మాత్రం ఎక్కడైనా ఆఫియానే.

ఇట్లు మీ
అరీజ్

తా.క. మీకొక కానుక. లారీకి ముందువైపు పెద్ద గుడ్డ కట్టించాను. ఎర్ర అక్షరాలతో, కొండ మీంచి కూడా కనబడేలా: 'ఐత్ వాగూన్ బడికి వస్తోంది ఆఫియా!'


ఐత్ వాగూన్
నవంబరు ఆఖరు, మంచు పడిన మర్నాడు

నా బిడ్డ అరీజ్‌కి,

మీమూన్ ఆశీర్వదించి రాయునది. ఈ ఉత్తరం ఎవరి ముందూ రాయడం లేదు. ఇక ఈ ఊళ్ళో నాకు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తల్లీ, మా వైపు ఆఫియా అంటే నిప్పు. నువ్వు మొదటి ఉత్తరంలో మా పిల్లలందరికీ నిప్పు పెడతానని రాశావు.

అది మీ వైపు ఆరోగ్యమని నాకు మొదటి జవాబు రాసిన సాయంత్రమే తెలిసింది. జవాద్ చెప్పాడు. వాడు మీ వైపు మాటలుండే ఈజిప్టు సినిమాలు చూసి పెరిగినవాడు. 'ఈ సంగతి ఎవరితోనైనా అన్నావా?' అని అడిగాను. లేదన్నాడు. 'అయితే అనకు' అన్నాను. ఎందుకంటావా? వంటగది కట్టండర్రా, పిల్లలు తింటారు, బాగుపడతారు అని నేను ఇన్నేళ్ళూ వాడవాడా తిరిగి గడ్డాలు పట్టుకుని బతిమాలాను. ఒక్కడూ రాయి ఎత్తలేదు. ఎగువవాళ్ళు ఎత్తితే కడతాం అని దిగువవాళ్ళు, దిగువవాళ్ళు మొదలెట్టనీ అని ఎగువవాళ్ళు. ఆరోగ్యమంటే కదలని మనుషులు, నిప్పు అనేసరికి కలిసి పరిగెత్తి రాతిగది లేపారు, నాకు కావలసిన వంటగది అదే. ఆ పరుగు నేనెలా ఆపను? నిజం నీకొక్కదానికి రాద్దామంటే ప్రతి ముక్కా వాళ్ళ ముందే రాయాలి. మీ డైరెక్టరు గారు కోపమొచ్చి ఊరి పేరు కొట్టెయ్యమన్నారని చదివిన రోజున మాత్రం నా ప్రాణాలు పైకే పోయాయి.

'మాషీ' కూడా జవాద్ చెప్పిందే. మీకది 'సరే'. మాకు 'కాదు'. నా వెనక నిలబడ్డవాళ్ళు 'నిప్పు కాదు' అని చదువుకుని తృప్తిపడ్డారు. నువ్వు నీకు కావలసింది చదువుకున్నావు. దేవుడు నా చేత ఇన్నేళ్ళు గొర్రెలు అమ్మించింది ఈ ఒక్క బేరం కోసమేనేమో.

నీ ఆఖరి ఉత్తరం మసీదు దగ్గర చదవలేదు. జేబులో పెట్టుకుని తిరిగాను. లారీ వచ్చాక మెల్లగా చెబుదాంలే అనుకున్నాను. ఆ ఎర్రగుడ్డ చదివిన రాత్రి మాత్రం కునుకు లేదు. శనివారం లారీ మలుపు తిరిగింది. జవాద్ దగ్గర అక్షరాలు నేర్చిన పిల్లలు గోడెక్కి గట్టిగా కూడబలుక్కుంటూ చదివారు. వీళ్ళకి చదువెందుకు చెప్పించానా అని మొదటిసారి అనిపించింది. రెండు వాడల మగాళ్ళూ రాళ్ళెత్తారు. అందరికంటే ముందు మా అస్సూ. లోపల డ్రైవరు పాపం పాట పాడుకుంటూ వస్తున్నాడు.

నేను పరిగెత్తాను తల్లీ. చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు. లారీకి అడ్డం నిలబడి చేతులు చాచి, 'కొడితే నన్ను కొట్టండి! నిప్పు లేదు, తిండి ఉంది! నేనే అబద్ధమాడాను!' అని అరిచాను. అస్సూ చేతిలో రాయి అలాగే ఉంది. నాకు నిజంగా భయమేసింది. అప్పుడు డ్రైవరు దిగి ఒక మూట విప్పి చూపించాడు. మసూరు పప్పు. అస్సూ గుప్పెడు తీసుకుని చూశాడు. రాయి కింద పెట్టాడు. నా ముందుకొచ్చి, 'ముందే చెబితే కట్టేవాళ్ళం కదా నాన్నా' అన్నాడు. ఆ మాటకి రెండు వాడల వాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకుని తలలు దించుకున్నారు.

శిక్ష మాత్రం తప్పలేదు. రెండు వాడలూ ఏకమై వేశాయి. ఈ చలికాలమంతా బడి పొయ్యికి కట్టెలు నావి, పొద్దున్నే వెళ్ళి వెలిగించడం నా పని. మోకాళ్ళు గోల పెడుతున్నాయి, మనసు మాత్రం పెట్టడం లేదు.

కనుమ నిన్న మూసుకుపోయింది. ఇక వసంతం దాకా ఎవరూ రారు. ఈ ఉత్తరం కొండ దిగి నడిచే గొర్రెల కాపరి చేతికిస్తున్నాను. పిల్లలు నిన్న మొదటిసారి కూచుని తిన్నారు. ఎగువ పిల్లలూ దిగువ పిల్లలూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టారు. ఒక్కళ్ళూ మాట్లాడలేదు. అన్ని నోళ్ళు అంత శ్రద్ధగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

ఇట్లు,
నిన్ను చూడకుండానే కూతురనుకుంటున్న
మీమూన్

తా.క. మీ బర్రాద్ టీ కాచేది కాదు, కరెంటుతో తిండిని చల్లగా ఉంచే బీరువా అని చూశాకే తెలిసింది. ఈ ఊళ్ళో కరెంటు లేదు, బయట మంచుకి కొదవ లేదు. పిండి అందులో పెట్టి తలుపేశాం. ఎలుకలు నిన్ను తిట్టుకుంటున్నాయి.

మరో తా.క. తిన్నాక జవాద్ లెక్క అడిగితే తూదా లేచి చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మధ్యాహ్నం పూట నోరు విప్పి ఎరగదు. నిన్న దాని గొంతు ఏటి అవతలికి వినబడింది. జవాబు తప్పు. పొయ్యిలోకి కట్టెలు తెచ్చిన అస్సూ గుమ్మంలో నిలబడి విని, పక్కనున్న హమ్మూతో, 'తప్పయితేనేం, ఎంత గట్టిగా చెప్పిందో విన్నావా?' అన్నాడు.